ఏడో వరుసలో గొంతు

ఆమెను ఇంట్లో అందరూ రాకెట్ అంటారు. అక్క పిల్లలకు రాకెట్ పిన్ని. మొగుడికి మామూలు రోజుల్లో రాకెట్, కోపమొచ్చిన రోజుల్లో రాకెట్టమ్మగారు. ఎదురింటావిడకు రాకెట్ ఆంటీ. నిజానికి నడకలో గానీ, పనిలో గానీ, ఒక నిర్ణయానికి రావడంలో గానీ ఆమెలో రాకెట్ లక్షణం ఒక్కటీ లేదు. పొయ్యి ముందే నిలబడి, పాలవంకే చూస్తూ, పాలు పొంగబెట్టగల మనిషి. ఆ పేరు చంద్రుడి మీది పాట ఉన్న ఒక క్యాసెట్ వల్ల వచ్చింది. క్యాసెట్ మాటెత్తితే ఆమె చెవులు ఎర్రబడతాయి. పొగడ్తకు సిగ్గుపడుతోంది పాపం అనుకుంటారు అందరూ. ఇరవై ఏడేళ్లుగా అలాగే అనుకుంటున్నారు.

అప్పట్లో ఒక సినిమా వచ్చింది. చంద్రుడి అవతలి వైపు ఊరు కట్టుకున్న మనుషుల కథ. అంతరిక్ష నౌకకున్న గుండ్రటి కిటికీలన్నీ వాషింగ్ మెషిన్ తలుపులేనని మొదటి ఆటకే జనం కనిపెట్టేశారు. ఒక తలుపు మీద "మూసిన తర్వాత మీట నొక్కవలెను" అన్న అక్షరాలు కూడా చెరపలేదు. సినిమా రెండు వారాలాడింది. రెండో వారం ఎవరి మొహమాటానికి ఆడిందో తెలీదు.

పాటలు మాత్రం బతికాయి. ఆ దర్శకుడు సంగీత దర్శకుణ్ణి పెట్టుకోలేదు. కారు షెడ్లలోనూ, కాలేజీ మెట్ల కిందా, ఇంట్లోవాళ్లు ఊరెళ్లిన ఇళ్లలోనూ గిటార్లు బాదుకుంటున్న పదకొండు రాక్ బ్యాండ్లను వెతికి పట్టుకుని, తలా ఒక పాట చేయించి, అన్నిటినీ కలిపి ఒకే ఆల్బమ్‌గా కుట్టేశాడు. పాటకూ పాటకూ మధ్య సినిమాలోని రోబో రెండు ముక్కలు మాట్లాడుతుంది. అట్ట మీద వ్యోమగామి శిరస్త్రాణం, దాని అద్దంలో ఒక గిటారు నీడ. రెండో వైపు మూడో పాట రాకెట్ వాళ్ల బ్యాండుది. చంద్రుడి మీద చిక్కుకుపోయిన పిల్ల, గాలి లేని చోట అరిచి పిలిస్తే ఎవరికీ వినపడని పాట. ముగ్గురు మగపిల్లలు వాయించారు. పాడినది రాకెట్ అని అట్ట మీద ఉంది.

ఇక్కడే ఉంది తంటా. అట్ట మీద ఉన్నది రాకెట్ పేరు. లోపల ఉన్నది వాళ్లక్క గొంతు.

*

ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు. ఒక జుట్టు సంగతి.

క్యాసెట్ లోపలి కాగితం మీద ఒక్కో బ్యాండు ఫోటో వేస్తామన్నారు. ఎంత ఫోటో? తపాలా బిళ్లంత. ఆ బిళ్లలో తన జుట్టు ఉంగరాలు తిరిగి కనపడాలని రాకెట్ రికార్డింగ్ రోజు పొద్దున్నే బ్యూటీ పార్లర్‌కు వెళ్లింది. గంటలో అయిపోతుందన్నారు. మూడు గంటలు పట్టింది. ఇటు స్టూడియోలో గిటారు అబ్బాయి, బేస్ అబ్బాయి, డ్రమ్ముల అబ్బాయి గోళ్లు కొరుక్కుంటున్నారు. మధ్యాహ్నం రెండింటికి ఆ గది ఇంకో బ్యాండుకు ఇచ్చేయాలి. పాడే మనిషి లేకపోతే వాయించేవాళ్లకు చరణం ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ ఆగాలో తెలీదు.

మూలన కుర్చీలో అక్క కూచుని ఉంది. చెల్లెలికి భోజనం డబ్బా తెచ్చి, దాన్ని ఒళ్లో పెట్టుకుని. "అమ్మా, మీకు పాట వచ్చా?" అని ఇంజనీరు అడిగాడు. రాకపోవడమేమిటి, నెలన్నరగా కుట్టుమిషను తొక్కుతూ చెల్లెలి తప్పులు దిద్దుతున్నది తనే. "వచ్చీరానట్టు వచ్చండీ" అంది. అయితే ట్రాక్ పాడమన్నాడు. అసలు గాయని వచ్చేదాకా వాయించేవాళ్లకు దారి తెలియడానికి ఎవరో ఒకరు పాడి పెట్టడాన్ని ఆ పనిలో అలా అంటారు. తర్వాత దాన్ని చెరిపేస్తారు. ఆ టేపు మీద పదహారు వరుసలుంటాయి, ఒక్కో వరుసలో ఒక్కో చప్పుడు దాచుకోవచ్చు. అక్క గొంతు ఏడో వరుసలో పడింది. ఒంటిగంటకు ఉంగరాల జుట్టుతో రాకెట్ వచ్చి, అవే గిటార్ల మీద నాలుగుసార్లు పాడింది. అది ఎనిమిదో వరుసలో పడింది. తర్వాత ఇద్దరూ మెట్ల మీద కూచుని చల్లారిన భోజనం తిన్నారు. "బాగా పాడావే" అంది అక్క. తను పాడిన సంగతి అప్పటికే మర్చిపోయింది.

రెండు నెలలకు క్యాసెట్ వచ్చింది. అక్క కుట్టుమిషను బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరారు. రోబో ఏదో అంది. గిటార్లు లేచాయి. గొంతు వచ్చింది.

మొదటి మాటకే రాకెట్‌కు తెలిసిపోయింది. పొడుగు అక్షరాలను అక్క కాస్త ఆలస్యంగా వదులుతుంది, సూదిలోంచి దారం మెల్లిగా లాగినట్టు. ఆ లాగుడు రాకెట్‌కు ఏనాడూ రాలేదు. మిగతావాళ్లు పోల్చుకోలేకపోయారంటే వాళ్ల తప్పేం లేదు. అక్కాచెల్లెళ్ల గొంతులు ఎలాగూ దగ్గర దగ్గరగా ఉంటాయి. పైగా ఆ దర్శకుడు గొంతు చంద్రుడి మీంచి రావాలని, బావిలోకి దింపి పాడించినంత ప్రతిధ్వని పోయించాడు. డ్రమ్ముల అబ్బాయి మాత్రం ఓసారి, "రాకెట్, ఇది నువ్వేనా?" అని అడిగాడు. "ఎకో వేశారుగా" అంది రాకెట్. చూడండి, అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఎకో వేశారు. రాకెట్ ఆ వాక్యాన్ని తర్వాత చాలాసార్లు వాడుకుంది.

సరే, మరి అక్క? తన గొంతు తను పోల్చుకోలేదా?

పోల్చుకోలేదు. తన గొంతు బయటికి ఎలా వినపడుతుందో అక్కకు తెలీదు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరు రికార్డు చేసి వినిపించారు గనక? ఆ పాట అయ్యేసరికి అక్క కళ్లు తుడుచుకుంటోంది. "ఇదమ్మా పాడటమంటే" అంది. "ఇంట్లో పాడుతుంటే ఇంత ఉందని నాకే తెలీలేదు."

రాకెట్ నోట్లో అప్పుడు బిస్కెట్ ఉంది. ఆ బిస్కెట్ నమిలేలోపు చెప్పేసి ఉండాల్సింది. బిస్కెట్ అయిపోయింది. ఎవరో ఇంకోటి ఇచ్చారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే అక్కకు రేడియో వాళ్ల బృందగానానికి గొంతు పరీక్షకు రమ్మని ఉత్తరం వచ్చి ఉంది. రెండుసార్లు రాస్తే మూడోసారికి వచ్చిన పిలుపు. అక్క వెళ్లలేదు. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి మిషను సొరుగులో గుండీల డబ్బా కింద పెట్టేసింది. "దీని పాట విన్నాక నేను నోరు తెరిస్తే నవ్విపోతారు. మన ఇంటికి ఒక్క గొంతు చాలు" అంది. అందరూ ఎంత మంచి మనసమ్మా అన్నారు. రాకెట్ కూడా అక్కడే ఉంది. ఇంజనీరు ఏ మీటకు బదులు ఏ మీట నొక్కాడో, ఆయన పొరపాటుకు నేనేం చేయను అనుకుంది. ఇరవై ఏడేళ్లుగా ఆ ఒక్క పొరపాటు మీదే కాపురముంటోంది.

ఆ తర్వాత రాకెట్ మళ్లీ పాడలేదు. పెళ్లిచూపుల్లో పాడమంటే గొంతు నొప్పంది. పెళ్లయ్యాక మొగుడు అడిగితే గొంతులో ఏదో కాయ ఉందంది. మీటర్ల ఆఫీసులో పనిచేసే ఆ మనిషికి కొలతకు అందని ప్రతిదాని మీదా గౌరవమే. మళ్లీ అడగలేదు. ఆయన నమ్మినందుకు కూడా ఆమెకు సిగ్గుగానే ఉంటుంది.

*

ఇంతకాలానికి ఆ ఆల్బమ్ మళ్లీ లేచింది. ఎవరో కుర్రకారు ఎక్కడో తవ్వి తీసి, ఆహా అన్నారు. కూతురు కాలేజీ క్యాంటీన్లో వినపడిందని పరుగున వచ్చింది. "అమ్మా, మా క్లాసులో ఆ అమ్మాయెవరని కొట్టుకుంటున్నారే. మా అమ్మ అంటే ఒక్కడూ నమ్మడు!"

"నమ్మకపోతే పోనీలే. ఎవర్నీ బలవంతపెట్టకు" అంది రాకెట్.

ఒక కంపెనీ దాన్ని పెద్ద నల్ల రికార్డుగా వేస్తోంది. ఓ మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. రాకెట్ బంగాళాదుంప చెక్కు తీస్తోంది.

"నేను సౌండ్ ఇంజనీర్‌నండీ. పాత టేపులు తెరిచాను" అంది ఒక ఆడగొంతు, జలుబు చేసినట్టుంది. "మీ పాటకు గొంతులు రెండున్నాయి. ఏడో వరుసలో ఒకటి, ఎనిమిదో వరుసలో ఒకటి. క్యాసెట్‌లో పడింది ఏడోది. రెండూ మీవేనా?"

తలుపు తట్టి మరీ వచ్చిన అవకాశం. కాదమ్మా, ఏడోది మా అక్క గొంతు అంటే సరిపోతుంది. లెక్కేస్తే అయిదు మాటలు.

"రెండూ నావేనండీ" అంది రాకెట్.

"అలాగా" అంది ఇంజనీరు. ఆ మాటను అంత పొడుగు సాగదీయొచ్చని రాకెట్‌కు అప్పటిదాకా తెలీదు. "అయితే ఒకసారి వచ్చి వినండి. పాడినవారి పేరున్న కాగితం మీద సంతకం కూడా కావాలి. అట్టలు శుక్రవారం అచ్చుకు వెళ్తాయి. గురువారం రండి."

ఫోను పెట్టేశాక చూసుకుంటే చేతిలో బంగాళాదుంప గోళీకాయంత మిగిలింది.

రాకెట్ బుధవారం పొద్దున అక్క కొట్టుకు వెళ్లింది, చెప్పేద్దామనే. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్లకు కుట్లు విప్పి వదులు చేయడం, చిక్కినవాళ్లకు బిగించడం అక్క పని. "చిక్కేవాళ్లు తక్కువే, అయినా ఆశతో వస్తారు" అంటుంది. గది అంతా ఇస్త్రీ వాసన. గోడకు రంగురంగుల దారపు ఉండలు. అద్దం పక్కన గాజు పలకలో ఆ క్యాసెట్ లోపలి కాగితం. తపాలా బిళ్లంత ఫోటోలో ఉంగరాల జుట్టు.

"రావే రాకెట్. ఆ స్టూలు మీద సూదులున్నాయి, చూసి కూచో." అక్క నోట్లో గుండుసూదులున్నాయి. వాటి పక్కనుంచి మాట్లాడటం ఆమెకు అలవాటే.

"అక్కా, నీకో సంగతి చెప్పాలి."

"తెలుసు. నీ కూతురు ఫోన్ చేసిందిలే. రికార్డు వేస్తున్నారట, రేపు నిన్ను పిలిచారట!" అక్క సూదులన్నీ తీసి దిండుకు గుచ్చింది. ఇది ఆమె బాగా సంతోషంలో ఉన్నప్పుడు చేసే పని. "నేనూ వస్తున్నా."

"నువ్వెందుకే? కొట్టో?"

"మూసేస్తా. మొదటిసారి రాలేదూ? అప్పుడు నీకోసం డబ్బా పట్టుకుని కూచున్నాను, ఇప్పుడు ఊరికే ఉంటానా. ఈసారైనా జుట్టు పని ముందే చేసుకుని రా."

"అక్కా, అది కాదు…"

"నోర్ముయ్. ఇరవై ఏళ్లలో ఒక్కరోజు కొట్టు మూస్తానంటే అడ్డమొస్తావేం?" అని బాబిన్ తీసి కొత్తది వేసుకుంది. మిషను నడిచినంతసేపూ రాకెట్ అక్క పెదాలవంక చూసింది. పెళ్లికి ముందు అక్క ఈ మిషను తొక్కుతూ పాడేది, మిషను వేగాన్ని బట్టి పాట వేగం. ఇప్పుడు పెదాలు మూసుకునే ఉన్నాయి. మిషను ఒక్కటే మోగుతోంది.

రాకెట్ చెప్పకుండానే లేచింది. పోతూ పోతూ, ఏదో పని మీద వచ్చినట్టుండాలని, బాగానే ఉన్న తన జాకెట్టుకు గుండీ కుట్టించుకుని మరీ పోయింది.

*

గురువారం ఇద్దరూ బస్సులో వెళ్లారు. అక్క ఒళ్లో సంచి, సంచిలో రెండు డబ్బాలు. దారంతా కిటికీలోంచి చూస్తూ మాట్లాడుతూనే ఉంది. మీ బ్యాండులో ఆ డ్రమ్ముల అబ్బాయికి బట్టతల వచ్చి ఉంటుంది, అప్పుడే నుదురు వెనక్కి నడుస్తుండేది అంది. రాకెట్ ప్రతి స్టాపులోనూ చెప్పేద్దామనుకుంది. ఒక స్టాపులో ముసలాయన ఎక్కాడు, లేచి చోటివ్వాల్సి వచ్చింది. ఇంకో స్టాపులో చాలా ఎండగా ఉంది. తర్వాతి స్టాపులో దిగిపోవాల్సి వచ్చింది. చెప్పకుండా ఉండటానికి కారణాలు వెతకడంలో ఆమెకు చేయి తిరిగింది.

స్టూడియో ఒక మందుల దుకాణం మీద, రెండో అంతస్తు. చప్పుడు చొరబడకుండా బయట మెత్తటి తలుపు, లోపల ఇంకో మెత్తటి తలుపు. ఇంజనీరుకు ముప్పయ్యేళ్లుంటాయి, ముక్కు ఎర్రగా ఉంది, మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో రుమాలు.

"వీరు?" అంది అక్కను చూసి.

"మా అక్క" అంది రాకెట్.

ఇంజనీరు అక్కవంక ఒక్క క్షణం ఎక్కువ చూసింది. తర్వాత రాకెట్ వంక చూసింది. రుమాలుతో ముక్కు తుడుచుకుని, "మంచిపని చేశారు, తీసుకొచ్చారు" అంది. ఆ గొంతులో వెటకారం ఉందో, జలుబే ఉందో తెలియలేదు.

బల్ల మీద పాత టేపు పెట్టె ఉంది. అట్ట మూత లోపలి వైపు ఒక కాగితం అంటించి, పదహారు గళ్లలో ఏ వరుసలో ఏముందో రాసి పెట్టారు. రాకెట్ కళ్లు తిన్నగా ఏడుకు వెళ్లాయి. పెన్సిల్‌తో "ట్రాక్, చెరపాలి" అని ఉంది. ఎనిమిదిలో "అసలు గొంతు". ఆ రెండిటినీ కొట్టేసి, కింద ఎర్ర రంగుతో, అప్పటి ఇంజనీరు నిదానంగా, గుండ్రంగా రాశాడు. "8 వద్దు. 7 బాగుంది. 7 వేస్తున్నాను."

మీట పొరపాటు కాదు. ఆయన ఇద్దర్నీ విన్నాడు, ఆలోచించాడు, ఎంచుకున్నాడు. ఇరవై ఏడేళ్లు తను కాపురమున్న ఆ పొరపాటు అసలు లేనే లేదు. రాకెట్ ఆ మూతను మెల్లగా మూయబోయింది. ఇంజనీరు చేయి వచ్చి, అంతే మెల్లగా తెరిచి పెట్టింది.

"ఫోన్లో రెండు గొంతులూ మీవేనన్నారు కదండీ?"

"రెండా?" అక్క మురిసిపోయింది. "చూశావా! ఒక్కటి విన్నందుకే మేం ఇన్నాళ్లు చెప్పుకున్నాం. రెండున్నాయా? పెట్టమ్మా, పెట్టు."

"ముందు ఏడు పెడతాను. ఎకో లేకుండా, గిటార్లు లేకుండా, వట్టి గొంతు."

గదిలోకి గొంతు వచ్చింది. బావి లేదు, చంద్రుడు లేడు. నాలుగడుగుల దూరంలో ఒక ఆడపిల్ల నిలబడి పాడుతున్నట్టుంది. ఊపిరి తీసుకోవడం వినపడుతోంది. గాలి లేని చోట పిలుస్తున్నానన్న మాట దగ్గర పొడుగు అక్షరం ఆలస్యంగా, దారంలాగా వచ్చింది. అక్క కళ్లు మూసుకుని, తలాడిస్తూ, చెల్లెలి చేయి పట్టుకుంది. "ఎంత బాగుందే" అని గొణిగింది. ఆ చేయి వేళ్ల చివర సూదులు గుచ్చుకున్న గరుకు. రాకెట్ తన చేయి తీసుకోలేకపోయింది, ఉంచలేకపోయింది.

పాట అయిపోయింది. ఇంజనీరు మీట మీద వేలు పెట్టి ఆపింది.

"దీని తర్వాత నాలుగు మాటలున్నాయి. క్యాసెట్‌లో రాలేదు, టేపు మీద ఉన్నాయి." రాకెట్ కళ్లలోకి చూసింది. "ఇక్కడితో ఆపేయమంటారా? మీ ఇష్టం. మీరు చెప్పినట్టే చేస్తాను."

అప్పుడర్థమైంది. ఈ పిల్లకు మంగళవారమే తెలుసు. ఆ మాటలు విన్నాకే ఫోన్ చేసింది. విన్నాకే "అలాగా" అంది. ఆపేయమంటే నిజంగానే ఆపేస్తుంది. కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది, అట్ట అచ్చవుతుంది, అక్క కొట్టులో గాజు పలక ఇంకొంచెం పెద్దదవుతుంది. ఈ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఇంకొకరు ఉంటారు, అంతే.

చెప్పడానికి నోరు తెరిచింది. అయిదు మాటలు. నోటికి అవి రాలేదు. ఆ నోటికి ఆ అలవాటు లేదు.

"ఉంచండి" అంది. "వినిపించండి."

టేపు కదిలింది. కాసేపు వట్టి గది చప్పుడు. కుర్చీ కిర్రుమంది. తర్వాత అదే గొంతు, పాట దిగి మాటలోకి వచ్చింది.

"అయిపోయిందా బాబూ? మా చెల్లెలొచ్చి సరిగ్గా పాడుతుంది, నాది చెరిపేయండి. ఇదింకా రాలేదేంటో, అన్నం చల్లారిపోతోంది."

టేపు ఆగింది.

అక్క కళ్లు తెరిచింది. రాకెట్ చేయి వదిలేసింది. విసిరికొట్టలేదు, కత్తెర బల్ల మీద పెట్టినట్టు తీసి పక్కన పెట్టింది.

"అది నేను" అంది.

"అవునక్కా."

"ఆ మాటలు."

"పాట కూడా."

"క్యాసెట్‌లోది?"

"క్యాసెట్‌లోది కూడా నువ్వే."

అక్క కొంతసేపు స్పీకరు వంక చూసింది, అక్కడ ఎవరో కూచున్నట్టు. "నా గొంతు ఇలా ఉంటుందా?" అంది ఇంజనీరును. ఇంజనీరు తలూపింది. అక్క మళ్లీ ఇటు తిరిగింది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"విన్న రోజునుంచి."

"మిషను బల్ల మీద పెట్టుకుని విన్న రోజా? నేను ఏడ్చిన రోజా?"

"ఆ."

"రేడియో ఉత్తరం వచ్చి ఉంది అప్పటికి."

"తెలుసు."

"నేను వెళ్లలేదు."

"తెలుసక్కా."

"ఎందుకు వెళ్లలేదో కూడా తెలుసు నీకు."

దీనికి "తెలుసు" అనడానికి రాకెట్‌కు గొంతు రాలేదు. గొంతులో కాయ ఉందని మొగుడికి చెప్పిన అబద్ధం ఇప్పటికి నిజమైంది. తలూపింది.

"పెళ్లయ్యాక నేను బాత్రూంలో కూడా పాడలేదే" అంది అక్క. కోపంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు. "మా పెద్దాడు చిన్నప్పుడు నిద్రపోకపోతే నీ క్యాసెట్ పెట్టేదాన్ని. అమ్మ పాడితే ఏం బాగుంటుంది, పిన్ని పాట విను అని."

రాకెట్ ఏడ్చింది. ఏడవడం కూడా తప్పేననిపించింది, ఎందుకంటే రాకెట్ ఏడిస్తే ఓదార్చేది ఎప్పుడూ అక్కే. ఈసారి అక్క కదల్లేదు. ఇంజనీరు తన రుమాలు ఇవ్వబోయి, దాని పరిస్థితి చూసి, మానుకుంది.

"ఎనిమిది పెట్టమ్మా" అంది అక్క.

"అక్కా, వద్దు."

"పెట్టు."

ఎనిమిదో వరుస వచ్చింది. పందొమ్మిదేళ్ల రాకెట్, ఉంగరాల జుట్టుతో, చాలా గట్టిగా, చాలా ధైర్యంగా, శ్రుతికి అటూ ఇటూగా పాడుతోంది. బాగోలేదని కాదు. సరిగ్గా చెప్పాలంటే, బాగుండాలని బాగా ప్రయత్నించింది. అక్క మొదట్నుంచి చివరిదాకా విన్నది, ఎవరో కొత్త కస్టమరు ప్యాంటు కొలత చెబుతుంటే వింటున్నంత శ్రద్ధగా.

"రెండో చరణంలో ఊపిరి చాల్లేదు" అంది. "అప్పుడే చెప్పాను. అక్కడ ఆపి తీసుకోమని. విన్నావా?"

"వినలేదు."

"ఊ." అక్క ఇంజనీరు వైపు తిరిగింది. "నాది మళ్లీ పెడతావా? ఆ చెవులకు పెట్టుకునేవి ఇచ్చి పెట్టు. నేనొక్కదాన్నే వింటాను."

ఇంజనీరు తన మెడలోని హెడ్‌ఫోన్లు తీసి, తుడిచి, అక్క తలకు తనే పెట్టింది. మీట నొక్కి, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి రాకెట్ ముందుంచింది. సంతకం కావాలని ఫోన్లో చెప్పిన కాగితం. పాడినవారు అన్న చోట రాకెట్ పేరు ముందే అచ్చేసి ఉంది. రాకెట్ దాన్ని అడ్డంగా కొట్టేసింది. గీత వంకరపోయింది, ఇంకోటి గీసింది. పైన అక్క పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడివిడిగా రాసింది.

"మరి మీ పేరు ఎక్కడ వేయమంటారు?" అంది ఇంజనీరు. "కింద కృతజ్ఞతల్లో చోటుంది. అప్పట్లో టీ అందించినాయన పేరు, కరెంటు చూసినాయన పేరు ఉన్నాయి."

రాకెట్ చూసింది. "ఆ టీ ఆయన నిజంగానే టీ ఇచ్చాడు" అంది. "ఏమీ వేయకండి. ఇంట్లో చెప్పుకోవాల్సినవాళ్లకు నేనే చెప్పుకుంటాను." కూతురు మొహం కళ్ల ముందు మెదిలింది. క్యాంటీన్లో నమ్మని ఆ పిల్లలందరూ సరిగ్గానే నమ్మలేదు.

అక్క హెడ్‌ఫోన్లు తీయకుండానే సంచిలోంచి ఒక డబ్బా తీసి మూత తిప్పింది. రాకెట్ అలవాటు కొద్దీ చేయి చాపింది. డబ్బా ఆ చేతి పక్కనుంచి వెళ్లి ఇంజనీరు ముందు ఆగింది.

"తినమ్మా. జలుబుకు వేడిగా ఏదైనా పడాలి" అంది అక్క, చెవులు మూసుకున్నవాళ్లు మాట్లాడేంత గట్టిగా. రెండో డబ్బా తను తెరుచుకుంది. రెండు ముద్దలు తిని, ఆగి, కళ్లు మూసుకుంది. పాటలో ఎక్కడుందో రాకెట్‌కు అక్క పెదాలను బట్టి తెలుస్తోంది. పెదాలు కదులుతున్నాయి. బయటికి ఏమీ రావట్లేదు, సన్నగా ఊపిరి తప్ప. ఆ తర్వాత, దారం లాగినట్టు, సన్నటి సాగదీత ఒకటి బయటికి వచ్చింది. ఇంజనీరు ముద్ద నోటి దగ్గర ఆపేసింది.

రాకెట్ ఆకలితో, ఖాళీ చేతులతో, కదలకుండా కూచుంది.

పాట మధ్యలో అక్క కళ్లు తెరిచి, చెల్లెల్ని మొదటిసారి చూసినట్టు తలనుంచి కింది దాకా చూసింది. గది అదిరిపోయేలా అంది.

"ఆ రోజు ఆ ఉంగరాల జుట్టు నీకేం నప్పలేదే!"

"తెలుసక్కా" అంది రాకెట్.

అక్కకు వినపడలేదు. చెవుల్లో తను పాడుతోంది.